ఫ్రెంచ్‌ను అంతర్జాతీయ కమ్యూనికేషన్‌తో కలిపి చదవడం ఎలా: తిరుపతి, చిత్తూరు విద్యార్థుల కోసం

విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం, అంతర్జాతీయ సంబంధాల వంటి చదువులో చేరి, దానికి తోడుగా ఫ్రెంచ్ కూడా నేర్చుకోవాలని సంకల్పించిన విద్యార్థుల కోసం, ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడే డిగ్రీ చదువుతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పెద్ద నగరాల్లో ఉన్న సౌకర్యాలన్నీ ఇక్కడ లేవన్నది నిజమే. అయినా ఈ రెండింటినీ గట్టిగా నేర్చుకోవడానికి కావలసిన వనరులు ఇప్పుడు అందుబాటులోనే ఉన్నాయి. ఎక్కువమందికి కొరవడేది పద్ధతి.

సాధారణంగా విద్యార్థులు ఈ రెండింటినీ సంబంధం లేని రెండు సబ్జెక్టులుగా చూస్తారు. కమ్యూనికేషన్ సిద్ధాంతాలను ఇంగ్లీషులో చదువుతారు, ఫ్రెంచ్ క్రియారూపాలను పరీక్షకు ముందు వల్లె వేస్తారు. మూడేళ్లయ్యాక రెండింటిలోనూ మార్కులు వస్తాయి గాని, ఒక ఫ్రెంచ్ వార్తను ముందు పెట్టి, ఇందులో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో చెప్పమంటే చెప్పలేరు. కమ్యూనికేషన్‌లో చదివే ప్రతి అంశానికీ ఏదో ఒక ఫ్రెంచ్ పాఠ్యాన్ని జోడించాలనీ, ఫ్రెంచ్‌లో ఎక్కిన ప్రతి మెట్టునూ వెంటనే కమ్యూనికేషన్ పనికి వాడుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

గంటల లెక్క వేసి చూసినా ఇదే తేలుతుంది. యూరప్ మండలి 2001లో ప్రకటించిన భాషా ప్రమాణాల్లో ఎ1 (ఆరంభం), ఎ2, బి1, బి2, సి1, సి2 (పూర్తి పట్టు) అని ఆరు స్థాయిలున్నాయి. సున్నా నుంచి మొదలుపెట్టినవారు బి1 చేరడానికి సుమారు 350 నుంచి 400 గంటలు, బి2 చేరడానికి 550 నుంచి 650 గంటలు తరగతిలో చదవాలని ఫ్రెంచ్ బోధించే సంస్థలు సాధారణంగా అంచనా వేస్తాయి. వారానికి 4 గంటల చొప్పున 15 వారాల సెమిస్టర్‌లో మీకు దక్కేది 60 గంటలు. ఆరు సెమిస్టర్లకు 360 గంటలు. అంటే ఒక్క తరగతి కూడా మానకుండా హాజరైనా, మూడేళ్ల చివర మీరు బి1 దగ్గర ఆగుతారు. అయితే ఉద్యోగానికైనా పైచదువుకైనా గట్టిగా పనికివచ్చే స్థాయి బి2. మిగిలిన 190 నుంచి 290 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? కమ్యూనికేషన్ చదువుకు మీరు ఎలాగూ వెచ్చించే సమయంలో కొంత భాగాన్ని ఫ్రెంచ్‌లోకి మళ్లిస్తే ఆ గంటలు దొరుకుతాయి.

ఈ రెండు చదువులు ఎక్కడ కలుస్తాయి

అంతర్జాతీయ కమ్యూనికేషన్ అనే విషయానికి ఫ్రెంచ్ పైనుంచి అతికించిన అలంకారం కాదు. ఆ విషయపు చరిత్రలో సగం ఆ భాషలోనే నడిచింది. ప్రపంచ వార్తా సంస్థల పాఠం తీసుకోండి. షార్ల్ హవాస్ 1835లో పారిస్‌లో తన సంస్థను స్థాపించాడు. తరువాతి కాలంలో బెర్లిన్‌లో వోల్ఫ్, లండన్‌లో రాయిటర్ సొంత సంస్థలు పెట్టుకున్నారు గాని, ఇద్దరూ మొదట హవాస్ దగ్గర పనిచేసినవారే. 1870లో ఈ మూడు సంస్థలూ ప్రపంచాన్ని తమలో తాము పంచుకుంటూ ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం రాయిటర్స్ వంతుకు వెళ్లింది, ఫ్రెంచ్ వలస ప్రాంతాలు హవాస్ వంతుకు వెళ్లాయి. బయటి ప్రపంచపు వార్తలు మనకు చాలాకాలం లండన్ మీదుగానే ఎందుకు వచ్చాయో ఈ ఒక్క ఒప్పందం చాలావరకు వివరిస్తుంది. హవాస్ వారసత్వంతో 1944లో ఏర్పడిన ఏజాన్స్ ఫ్రాన్స్ ప్రెస్, అంటే ఏఎఫ్‌పీ, నేటికీ ప్రపంచంలోని అతి పెద్ద వార్తా సంస్థల్లో ఒకటి.

అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్ 1865లో పారిస్‌లో పుట్టింది. 1874లో బెర్న్‌లో ఏర్పడిన తపాలా యూనియన్‌కు నేటికీ అధికార భాష ఫ్రెంచే. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నా, దాని సచివాలయపు పనిభాషలు ఇంగ్లీషు, ఫ్రెంచ్ మాత్రమే. యునెస్కో ప్రధాన కార్యాలయం పారిస్‌లో ఉంది, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ జెనీవాలో ఉంది.

వీటన్నిటికంటే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది 1980 నాటి మెక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక. పేద దేశాల వార్తలను సంపన్న దేశాల సంస్థలే రాసి, అవే దేశాలకు తిరిగి అమ్మే పరిస్థితి మారాలన్న వాదన నుంచి యునెస్కో ఈ కమిషన్‌ను నియమించింది. ఐర్లండ్‌కు చెందిన షాన్ మెక్‌బ్రైడ్ దానికి అధ్యక్షుడు. మన దేశం నుంచి బి.జి. వర్గీస్, ఫ్రాన్స్ నుంచి లె మోంద్ పత్రిక వ్యవస్థాపకుడు ఉబేర్ బెవ్ మెరీ అందులో సభ్యులు. మీ సిలబస్‌లో ఈ నివేదిక ఒక పేరాగా ముగిసిపోవచ్చు. కాని దాని ఫ్రెంచ్ ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ యునెస్కో డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. రెండో ఏడాదిలో, రెండు ప్రతుల నుంచి ఒకే పేజీని పక్కపక్కన పెట్టుకొని చదవడం కంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. అదే మార్గంలో 2005 నాటి సాంస్కృతిక వైవిధ్య ఒడంబడికను కూడా చదవవచ్చు. ఫ్రాన్స్, కెనడా ముందుండి నడిపించిన ఆ ఒడంబడికకు 148 దేశాలు ఓటు వేయగా, అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే వ్యతిరేకించాయి. సినిమాను, సంగీతాన్ని మామూలు సరుకుల్లా చూడకూడదని ఫ్రాన్స్ ఎందుకు పట్టుబట్టిందో ఫ్రెంచ్ మూలంలో చదివితే వాదనలోని పదును తెలుస్తుంది.

చేరే ముందు తేల్చుకోవలసినవి

తిరుపతిలో ఉన్నవారికి స్థూలంగా మూడు దారులున్నాయి. కళాశాలలోనే ఫ్రెంచ్ ఉంటే దాన్ని ఎంచుకోవడం మొదటిది. మన రాష్ట్రంలో ఇప్పుడు డిగ్రీలో ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ ఎంచుకునే విధానం ఉంది కనుక, ఏ కళాశాల ఏయే మైనర్‌లు నిజంగా బోధిస్తోందో, ప్రాస్పెక్టస్‌లో రాసినది చూసి సరిపెట్టుకోకుండా, ప్రవేశానికి ముందే విభాగానికి వెళ్లి అడగాలి. ఫ్రెంచ్ బోధించే అధ్యాపకులు శాశ్వత పద్ధతిలో ఉన్నారా, వారానికి ఎన్ని గంటలు, నోటి పరీక్ష ఉందా అన్న మూడు ప్రశ్నలు తప్పకుండా వేయండి. నోటి పరీక్ష లేని ఫ్రెంచ్ పేపరు మార్కులు తెస్తుంది గాని మాట తీసుకురాదు.

కమ్యూనికేషన్ ఇక్కడ చదువుతూ ఫ్రెంచ్‌ను బయట నేర్చుకోవడం రెండో దారి. శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది కనుక అమ్మాయిలకు ఇది సులభంగా కుదిరే ఏర్పాటు. ఇగ్నో దూరవిద్యలో ఫ్రెంచ్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. చెన్నైలోని నుంగంబాక్కంలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచ్ భాషా కేంద్రాలు ఆన్‌లైన్ తరగతులు కూడా నడుపుతాయి. ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది కనుక, ఒకటి కళాశాలలో, మరొకటి దూరవిద్యలో చదవడానికి నిబంధనల అడ్డంకి లేదు. నా దృష్టిలో మన ప్రాంత విద్యార్థుల్లో ఎక్కువమందికి సరిపడే దారి ఇదే.

మూడోది ఊరు విడిచి వెళ్లడం. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ విభాగాలు పాతుకుపోయి ఉన్నాయి. భాషే ప్రధానంగా, కమ్యూనికేషన్ రెండోదిగా ఉండాలనుకునేవారు పీజీకి అటు వెళ్లడం మంచిది.

ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్‌ను ద్వితీయ భాషగా తీసుకున్నవారికి ఒక మాట. మీకు అక్షరాలు, కొన్ని క్రియలు తెలిసి ఉండవచ్చు. అయినా మళ్లీ ఎ1 నుంచే మొదలుపెట్టండి. విని, పలికి నేర్చుకోని భాషకు పునాది వేసినట్టు కాదు.

మొదటి ఏడాది: తెలుగు నోటితో ఫ్రెంచ్

ఫ్రెంచ్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడం మన విద్యార్థులకు అలవాటైపోయింది. పుస్తకాలు అలా ఉన్నాయి, ఉపాధ్యాయులు అలా చెబుతారు. కాని చాలా చోట్ల తెలుగు నుంచి నేరుగా వెళ్లడమే దగ్గరి దారి. ఉచ్చారణనే చూడండి. ఫ్రెంచ్‌లోని త, ద ధ్వనులు నాలుక పళ్లకు తగిలి పుట్టేవి, అచ్చంగా మన త, ద లాంటివి. ఇంగ్లీషు అలవాటున్న విద్యార్థి వాటిని ట, డ అని పలుకుతాడు, వినేవారికి వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. ప, త, క లను ఇంగ్లీషువారు కొంచెం ఊపిరి కలిపి పలుకుతారు. ఫ్రెంచ్‌లో ఆ ఊపిరి ఉండదు, తెలుగులోనూ ఉండదు. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు వేసి మిగతావి మింగేస్తారు. ఫ్రెంచ్‌లో మన భాషలో లాగే అక్షరాలన్నీ దాదాపు సమానంగా నడుస్తాయి. ఒక పదం చివరి హల్లు తరువాతి పదపు అచ్చుతో కలిసి పలకడం సంధి తెలిసినవారికి వింతగా తోచదు: లె, అమీ అనే రెండు పదాలు పక్కపక్కన వస్తే లెజామీ అవుతాయి.

మనకు లేనివి కొన్ని ఉన్నాయి, వాటికి విడిగా సమయం ఇవ్వాలి. నాలుకను ‘ఈ’ అచ్చు పలికే స్థానంలో ఉంచి పెదవులను ఊ అన్నట్టు గుండ్రంగా చేస్తే వచ్చే అచ్చు ఒకటి. గొంతు వెనుక నుంచి వచ్చే ర ఒకటి. ముక్కుతో పలికే అచ్చులు మరికొన్ని. ఈ ముక్కు అచ్చులను పలికేటప్పుడు చివర పూర్తి న కాని మ కాని వినిపించకూడదు. నోట్సులో వాటికి అరసున్న (ఁ) పెట్టుకోండి. తెలుగు కీబోర్డులో ఆ గుర్తు ఇంకా ఉంది, ఇంత చక్కగా పనికివచ్చే చోటు మరొకటి ఉండదు. అయితే ఫ్రెంచ్‌ను తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి నెలకే పరిమితం చేయండి. ఆ తరువాత కూడా కొనసాగిస్తే కన్ను ఫ్రెంచ్ రాతకు అలవాటుపడదు.

వ్యాకరణంలోనూ ఇదే వరుస. తు, వు అనే రెండు సంబోధనలు నువ్వు, మీరు తెలిసినవారికి మొదటి రోజే అర్థమవుతాయి. ఎవరిని ఏమనాలన్న లెక్క మాత్రం వేరు: ఫ్రాన్స్‌లో పిల్లలు తల్లిదండ్రులిద్దరినీ సాధారణంగా తు అనే పిలుస్తారు, ముక్కూమొహం తెలియని దుకాణదారుడిని వు అంటారు. భూతకాలంలో రెండు రూపాలు ఇంగ్లీషు మీడియం విద్యార్థులను చాలా ఇబ్బంది పెడతాయి గాని, తెలుగులో ఆలోచిస్తే తేలిక. ‘చిత్తూరు వెళ్లాను’ అన్న చోట పస్సే కొంపోజే వస్తుంది; ‘చిన్నప్పుడు చిత్తూరులో ఉండేవాణ్ణి’ అన్న చోట ఎఁపర్‌ఫే వస్తుంది. అన్ని సందర్భాలకూ ఈ జోడింపు సరిపోదు, కాని మొదటి ఏడాదిలో నూటికి ఎనభై వాక్యాల్లో దారి చూపుతుంది.

వస్తువులకు కూడా పుంలింగం, స్త్రీలింగం ఉండడం మన భాషలో లేదు, హిందీ వచ్చినవారికి కొంత తెలుసు. ఇక్కడ కమ్యూనికేషన్ విద్యార్థికి ఒక అదృష్టం ఉంది. మన రంగంలో తరచూ వచ్చే పదాల లింగం వాటి చివరి అక్షరాలను బట్టే చాలావరకు తెలిసిపోతుంది. కమ్యూనికాస్యోఁ, ఎఁఫొర్మాస్యోఁ వంటి స్యోఁతో ముగిసేవి, లిబెర్తే, దివెర్సితే వంటి తేతో ముగిసేవి స్త్రీలింగాలు. జుర్నలిజ్మ్ వంటి ఇజ్మ్‌తో ముగిసేవి, మెస్సాజ్, రెపొర్తాజ్ వంటి ఆజ్‌తో ముగిసేవి, గువెర్నమాఁ వంటి మాఁతో ముగిసేవి పుంలింగాలు. పాజ్, ఇమాజ్ వంటి నాలుగైదు మినహాయింపులు కంఠస్థం చేస్తే చాలు.

అంకెల దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఫ్రాన్స్‌లో డెబ్బైని అరవై పది అని, ఎనభైని నాలుగు ఇరవైలు అని, తొంభైని నాలుగు ఇరవైల పది అని చెబుతారు. బెల్జియం, స్విట్జర్లండ్‌లలో డెబ్బైకి, తొంభైకి విడి పదాలున్నాయి. వార్త రాసేవారికి ఇంతకంటే పెద్ద ప్రమాదం పెద్ద సంఖ్యల్లో ఉంది. ఫ్రెంచ్ మిల్యోఁ అంటే పది లక్షలు, మిల్యార్ అంటే వంద కోట్లు. ఫ్రెంచ్‌లో బిల్యోఁ అని కనిపిస్తే అది ఇంగ్లీషు బిలియన్ కాదు, లక్ష కోట్లు. బడ్జెట్ వార్తను అనువదించేటప్పుడు ఈ ఒక్క పొరపాటు వెయ్యి రెట్ల తేడా తెస్తుంది. దశాంశానికి చుక్క బదులు కామా పెడతారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వారానికొక వార్త, మూడు భాషల్లో

ఈ మొత్తం పద్ధతికి గుండెకాయ వంటి అభ్యాసం ఇది. ప్రతి వారం ఒక అంతర్జాతీయ సంఘటనను ఎంచుకోండి. దాన్ని ఒక తెలుగు దినపత్రికలో, ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ఫ్రెంచ్ వార్తా స్థలంలో చదవండి. నోట్‌బుక్‌లో మూడు నిలువు వరుసలు గీసి, శీర్షికలో కర్త ఎవరు, ఎవరి మాటలను ఉటంకించారు, ఏ సంఖ్యలు ఇచ్చారు, ఎవరిని ఏ పేరుతో పిలిచారు, ఏది చెప్పకుండా వదిలేశారు అన్నవి రాయండి. ఫ్రెంచ్ వరుసను మొదటి ఏడాది పదాలతో, రెండో ఏడాది పూర్తి వాక్యాలతో, మూడో ఏడాది ఒక పేరా వ్యాఖ్యతో నింపండి.

మొదట్లో పూర్తి స్థాయి ఫ్రెంచ్ వార్త కొరుకుడు పడదు. అందుకు ఆర్‌ఎఫ్‌ఐ రేడియో నేర్చుకునేవారి కోసం రోజూ పది నిమిషాల తేలిక ఫ్రెంచ్ వార్తలు, రాతప్రతితో సహా, ఇస్తోంది. టీవీ5 మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ సంస్థ ఎ1 నుంచి బి2 వరకు స్థాయిల వారీగా వీడియోలను, అభ్యాసాలను ఉచితంగా పెట్టింది. ఐక్యరాజ్యసమితి వార్తా విభాగం ఒకే సంఘటనను ఫ్రెంచ్, ఇంగ్లీషు, హిందీ సహా పలు భాషల్లో రాస్తుంది. పోల్చి చదవడానికి అది చాలా అనువైనది. ముందు రాతప్రతి చూడకుండా వినండి, తరువాత చూస్తూ వినండి, చివరికి ఒక నిమిషం భాగాన్ని విని రాయండి.

సంఘటనను ఎంచుకోవడంలో మీ చదువు కనిపించాలి. పశ్చిమ ఆఫ్రికానే తీసుకుందాం. మాలి 2022లో ఆర్‌ఎఫ్‌ఐ రేడియో, ఫ్రాన్స్ 24 టీవీ ప్రసారాలను నిలిపివేసింది. బుర్కినా ఫాసో అదే ఏడాది చివర ఆర్‌ఎఫ్‌ఐని, మరుసటి ఏడాది ఫ్రాన్స్ 24ను ఆపింది. నైజర్‌లో 2023 జులైలో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత, ఆగస్టులో అక్కడ కూడా రెండూ ఆగిపోయాయి. 2025 మార్చిలో ఈ మూడు దేశాలూ ఫ్రెంచ్ భాషా దేశాల అంతర్జాతీయ సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. 1970లో ఆ సంస్థకు అంకురార్పణ జరిగినది నైజర్ రాజధాని నియామేలోనే. మన పత్రికల్లో ఈ వార్తలు లోపలి పేజీల్లో చిన్న ముక్కలుగా వచ్చి ఉంటాయి. కాని అంతర్జాతీయ కమ్యూనికేషన్ విద్యార్థికి ఇందులో సగం సిలబస్ ఉంది: ఒక దేశపు ప్రభుత్వ నిధులతో నడిచే ప్రసార సంస్థ మరో దేశంలో ఏ హక్కుతో మాట్లాడుతుంది, దాన్ని ఆపడం సార్వభౌమత్వమా, పత్రికాస్వేచ్ఛ మీద దెబ్బా, వలస పాలకుల భాష స్వతంత్ర దేశంలో ఎవరిది.

అందువల్ల ఒక జాగ్రత్త అవసరం. ఆర్‌ఎఫ్‌ఐ, ఫ్రాన్స్ 24 రెండూ ఫ్రెంచ్ ప్రభుత్వ నిధులతో నడిచే ఒకే సంస్థ కిందివి. వాటి వార్తలు వృత్తి నైపుణ్యంతోనే ఉంటాయి, అయినా అవి పారిస్ నుంచి చూసిన ప్రపంచం. ఇంగ్లీషు కళ్లద్దాలు తీసి ఫ్రెంచ్ కళ్లద్దాలు పెట్టుకోవడం మన ఉద్దేశం కాదు కదా. అందుకే సెనెగల్ పత్రికలను, బెల్జియం, స్విట్జర్లండ్, కెనడాల ఫ్రెంచ్ ప్రసార సంస్థలను కూడా వంతులవారీగా చదవండి.

తెలుగు వరుసను చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, అది పెద్ద నష్టం. ఒక ఫ్రెంచ్ వార్తను చిత్తూరులోని మీ అమ్మమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితేనే మీకు అది అర్థమైనట్టు. ఇంగ్లీషు మాటకు దగ్గరగా కనిపించే ఫ్రెంచ్ పదాలు అర్థంలో దూరంగా ఉండడం తెలుగులో చెప్పబోయినప్పుడే బయటపడుతుంది. దెమాందే అంటే డిమాండ్ చేయడం కాదు, అడగడం. అక్త్యుయెల్‌మాఁ అంటే ప్రస్తుతం. ఈ రెండింటినీ తప్పుగా చదివితే ఒక దౌత్య ప్రకటన హెచ్చరికలా వినిపిస్తుంది.

పలకరింపు, లేఖ, వాదన

సంస్కృతుల మధ్య సంభాషణ గురించి పాఠ్యపుస్తకాల్లో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరించిన విభజన తప్పకుండా ఉంటుంది: కొన్ని సమాజాల్లో అర్థం మాటల్లో ఉంటుంది, కొన్నింటిలో సందర్భంలో ఉంటుంది. దీన్ని నిర్వచనంగా కంఠస్థం చేయడం కంటే ఇక్కడే చుట్టూ చూసి గమనించడం మేలు. తిరుపతి గాంధీ రోడ్డులో దుకాణానికి వెళ్లి ‘అన్నా, ఇది ఎంత?’ అంటాం; ఆ వరస పిలుపులోనే పలకరింపు, మర్యాద రెండూ ఇమిడి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో దుకాణంలో అడుగుపెట్టగానే బోఁజూర్ అనకుండా ధర అడిగితే అమర్యాద. తిరుమలలో ఒకే సూచనను తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషుల్లో ప్రకటించడం మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ ప్రకటనల్లో భాష మారినప్పుడు సంబోధన ఎలా మారుతోందో, ఏ భాషలో అభ్యర్థన, ఏ భాషలో ఆజ్ఞ వినిపిస్తోందో గమనించి రాస్తే అది చక్కటి సెమినార్ పత్రం అవుతుంది. దాని సారాంశాన్ని అర పేజీ ఫ్రెంచ్‌లో రాయండి.

అధికారిక ఫ్రెంచ్ లేఖల ముగింపు పొడవుగా, గౌరవపు శ్రేణిని బట్టి మారుతూ ఉంటుంది. మూడు ముగింపులు కంఠస్థం చేస్తే చాలాకాలం సరిపోతాయి. అంతకంటే ఎక్కువ సాధన చేయవలసింది వాదనా క్రమం. ఫ్రెంచ్ విద్యా సంప్రదాయంలో వ్యాసమంటే సమాచారం కుప్పపోయడం కాదు: ముందు సమస్యను ఒక ప్రశ్నగా నిలబెట్టాలి, తరువాత రెండు లేదా మూడు భాగాల్లో వాదన నడపాలి, ఒక భాగం నుంచి మరో భాగానికి ఎందుకు వెళుతున్నారో చెప్పాలి. ఈ అలవాటు అబ్బితే మీ ఇంగ్లీషు, తెలుగు పత్రాలు కూడా బాగుపడతాయి.

డెల్ఫ్ పరీక్ష

ఫ్రెంచ్ విద్యాశాఖ ఇచ్చే డెల్ఫ్ ఎ1 నుంచి బి2 వరకు, డాల్ఫ్ సి1, సి2 స్థాయిలకు ఉన్నాయి. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలకు 25 చొప్పున 100 మార్కులు. ఉత్తీర్ణతకు 50 రావాలి, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. పరీక్ష ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ కేంద్రాల్లో జరుగుతుంది. మనకు దగ్గరిది చెన్నై, తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లు. రాత పరీక్ష ఒక రోజు, నోటి పరీక్ష మరో రోజు పడవచ్చు కనుక రైల్లో పొద్దున్నే వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చని లెక్క వేయకుండా బస కూడా చూసుకోండి.

ప్రతి స్థాయికీ పరీక్ష రాయాలన్న నియమం లేదు. డబ్బు మిగుల్చుకోవాలనుకునేవారు ఎ1 వదిలేసి, రెండో ఏడాది మధ్యలో ఎ2 లేదా బి1, చివరి ఏడాదిలో బి2 రాస్తే చాలు. బి2లో ఒక గంటలో 250 పదాలతో వాదనతో కూడిన రచన చేయాలి. నోటి పరీక్షలో ఇచ్చిన చిన్న వార్తాంశం నుంచి సమస్యను గుర్తించి, అరగంట సిద్ధపడి, మీ అభిప్రాయాన్ని పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. మూడు వరుసల నోట్‌బుక్ రెండేళ్లు నింపినవారికి ఇది కొత్త పని కాదు, వారం వారం చేసినదే.

ప్రాజెక్టును మన నేల నుంచే ఎంచుకోండి

చివరి ఏడాది ప్రాజెక్టుకు విద్యార్థులు ఫ్రెంచ్ సినిమానో, ఫ్రెంచ్ ప్రకటనలనో ఎంచుకోవడం పరిపాటి. ఇక్కడి వారికి ఇంతకంటే మంచి అంశాలున్నాయి. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇస్రో, ఫ్రెంచ్ అంతరిక్ష సంస్థ క్నెస్ కలిసి తయారుచేసిన మేఘా ట్రాపిక్స్ ఉపగ్రహం 2011 అక్టోబర్ 12న, సరల్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న అక్కడి నుంచే ఎగిరాయి. అంతకు ముందు, 1981లో, మన ఆపిల్ ఉపగ్రహం ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద వెళ్లింది. ఒకే ప్రయోగం గురించి ఇస్రో ఇంగ్లీషులో ఏం ప్రకటించింది, క్నెస్ ఫ్రెంచ్‌లో ఏం ప్రకటించింది, తెలుగు పత్రికలు ఏం రాశాయి అని పోల్చితే, ఘనత ఎవరికి ఎంత దక్కిందన్న ప్రశ్నకు ఆధారాలతో సమాధానం దొరుకుతుంది. పారిశ్రామిక సంబంధాల వైపు ఆసక్తి ఉంటే శ్రీసిటీలో మెట్రో రైలు బోగీలు తయారుచేసే ఆల్స్తోమ్ ఫ్రెంచ్ సంస్థ. అక్కడ ఏ పనికి ఏ భాష వాడుతున్నారన్నది అనుమతి తీసుకొని పరిశీలించదగ్గ విషయం.

చరిత్ర ఇష్టపడేవారికి ఇంకా లోతైన గని ఉంది. 18వ శతాబ్దం మొదట్లో జెస్యూట్లు అనే ఫ్రెంచ్ కాథలిక్ మతబోధకులు పుంగనూరు ప్రాంతంలో స్థిరపడి, ఇక్కడి మనుషుల గురించి, ఆచారాల గురించి, పాలకుల గురించి పారిస్‌కు లేఖలు రాశారు. అవి అక్కడ అచ్చయి యూరప్ అంతటా చదవబడ్డాయి. వారి తరువాతి తరానికి చెందిన కేర్దూ అనే మతబోధకుడు తెలుగు నేర్చి తెలుగు, ఫ్రెంచ్ నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న పోలికను 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపాడు. జెస్యూట్ల లేఖల పాత ముద్రణలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు గాలికా అనే డిజిటల్ భాండారంలో ఉచితంగా చదవవచ్చు. అక్షరక్రమం కొంచెం పాతది, బి1 దాటినవారికి ఓపికతో లొంగుతుంది. మన ఊరిని మూడు వందల ఏళ్ల కింద విదేశీ పాఠకులకు ఎవరు ఎలా పరిచయం చేశారన్నది అంతర్జాతీయ కమ్యూనికేషన్ కాక మరేమిటి?

ఉద్యోగాలు, పైచదువు

ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. ఎ2 సర్టిఫికెట్ చూపిస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. బి2 ఉంటే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో ఫ్రెంచ్ మాట్లాడే వినియోగదారులకు సేవలందించే కంపెనీల్లో, పాఠశాలల్లో ఫ్రెంచ్ బోధనలో, అనువాదంలో, పర్యాటకంలో అవకాశాలున్నాయి. ఆఫ్రికాలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల సమాచార విభాగాల్లో ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండూ వచ్చి, వార్త రాయగలిగినవారికి విలువ ఎక్కువ. ఐక్యరాజ్యసమితిలో భాషాంతరీకరణ ఉద్యోగం కోసం కలలు కనేవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి: దానికి సి2కి మించిన పట్టు, సాధారణంగా మరో అధికార భాష కూడా కావాలి. అక్కడి సచివాలయపు ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఉండదు కనుక ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. యంత్రానువాదం పెరిగింది కదా, ఇక ఫ్రెంచ్ ఎందుకు అనేవారికి, యంత్రం ఇచ్చిన ప్రకటనలో దెమాందే ఏ అర్థంలో వచ్చిందో సరిచూసి సంతకం పెట్టే మనిషి ఇంకా కావాలని చెప్పండి.

ఫ్రాన్స్‌లో పీజీ చేయాలనుకుంటే, ఫ్రెంచ్‌లో బోధించే కోర్సులకు సాధారణంగా బి2 అడుగుతారు. 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను చేర్చుకోవాలని ఫ్రాన్స్ లక్ష్యంగా పెట్టుకుంది. ఫ్రెంచ్ రాయబార కార్యాలయం షార్పాక్ పేరుతో ఉపకార వేతనాలు ఇస్తోంది. దరఖాస్తు ప్రక్రియ ఫ్రాన్స్‌లో చదువు వ్యవహారాలు చూసే కాంపుస్ ఫ్రాన్స్ ద్వారా నడుస్తుంది, దాని కార్యాలయాలు చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. మార్కుల జాబితాలు, డెల్ఫ్ పత్రం, ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఎందుకు చదవాలనుకుంటున్నారో వివరించే లేఖ సిద్ధం చేసుకోవడానికి నెలలు పడుతుంది కనుక చివరి ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే పని మొదలుపెట్టండి. ఆ లేఖను ముందు తెలుగులో ఆలోచించి, నేరుగా ఫ్రెంచ్‌లో రాసి, చివరగా మీ ఫ్రెంచ్ అధ్యాపకులకు ఒకసారి, కమ్యూనికేషన్ అధ్యాపకులకు ఒకసారి చూపించండి.